బయటి లింకులు కొనే ముందు సొంత పేజీలను కలుపుకోవాలి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

గూగుల్ వెతుకులాటలో తమ వెబ్‌సైటు పైకి రావాలంటే చిన్న వ్యాపారులు ఏం చేయాలో చెబుతూ మీ పత్రిక జిల్లా అనుబంధంలో పోయిన ఆదివారం ఒక వ్యాసం వచ్చింది. చేనేత కుటుంబాలు, విత్తనాల దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు కూడా వెబ్‌సైట్లు పెట్టుకుంటున్న ఈ రోజుల్లో అటువంటి వ్యాసం రావడం సంతోషమే. అయితే అందులో ముప్పాతిక భాగం బయటి సైట్ల నుంచి లింకులు ఎలా సంపాదించాలో, అవసరమైతే ఎలా కొనుక్కోవాలో చెప్పడానికే సరిపోయింది. సొంత సైటులోని పేజీలను ఒకదానితో ఒకటి కలిపే లోపలి లింకుల గురించి ‘ప్రతి పేజీలోనూ వీలైనన్ని పెట్టండి’ అన్న ఒకే ఒక్క వాక్యం ఉంది. మొదటి సలహా పాటిస్తే చేతిలో డబ్బు పోతుంది, రెండోది పాటిస్తే ఉన్న కాస్త ప్రయోజనమూ పలచబడిపోతుంది. ఈ రెండు నష్టాలనూ దగ్గర నుంచి చూసినవాణ్ణి కనుక ఈ లేఖ రాస్తున్నాను. నిడివి కొంచెం ఎక్కువైతే మన్నించగలరు.

నేను ఇంజినీరును కాను. నల్లగొండలో ఒక కళాశాల గ్రంథాలయంలో 29 ఏళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి విరమణ పొందాను. ఆ తర్వాత ఇద్దరు పూర్వ విద్యార్థులతో కలిసి ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు, గుళ్లు, చెరువులు, చేతివృత్తుల గురించి ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాను. లోపలి లింకుల సంగతి నాకు కొత్తగా అనిపించలేదు, ఎందుకంటే కార్డు కేటలాగు తయారుచేసినన్నాళ్లూ నేను చేసింది అదే పని. ఆ కేటలాగు వాడిన తరానికి ‘చూడు’ అనీ ‘ఇవి కూడా చూడు’ అనీ రెండు రకాల కార్డులు గుర్తుండే ఉంటాయి. పాఠకుడు ‘పాలమూరు’ అన్న శీర్షిక తీస్తే ‘మహబూబ్‌నగర్ చూడు’ అన్న కార్డు అతణ్ణి అసలు శీర్షిక దగ్గరికి పంపేది. ‘చెరువులు’ అన్న శీర్షిక చివర ‘ఇవి కూడా చూడు: తూములు, కాలువలు, నీటిపారుదల’ అని మరో కార్డు ఉండేది. నేటి వెబ్ పనివాళ్లు రీడైరెక్ట్ అంటున్నది ఆ మొదటి కార్డునే, ఇంటర్నల్ లింకు అంటున్నది ఆ రెండో కార్డునే. నిఘంటువుల్లో ‘చూ.’ అన్న పొట్టి గుర్తు చేసేదీ ఇదే పని. మాకు అప్పట్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒక్క పుస్తకం కూడా లేని శీర్షికకు పాఠకుణ్ణి పంపకూడదు. సంబంధం లేని శీర్షికలన్నీ ఒక కార్డు మీద కుప్పపోయకూడదు. ఈ రెండు కట్టుబాట్లను దాటిన వెబ్‌సైట్లే నేడు ఎక్కువగా కనిపిస్తున్నాయి.

సెర్చ్ ఇంజిన్ పనిచేసే తీరు తెలిస్తే ఈ కట్టుబాట్లు ఎందుకో అర్థమవుతుంది. గూగుల్ తన బాట్ అనే ప్రోగ్రాముతో వెబ్ పేజీలను చదివిస్తుంది. ఆ బాట్ ఒక పేజీలోని లింకు పట్టుకుని ఇంకో పేజీకి, అక్కడి నుంచి మరో పేజీకి పోతుంది. ఏ పేజీ నుంచీ లింకు లేని పేజీ ఊరికి దారి లేని పొలం లాంటిది. పంట ఎంత బాగా పండినా బండి అక్కడికి పోదు. సైటుమ్యాప్ అనే జాబితాను గూగుల్‌కు అందజేస్తే ఆ పేజీ ఉందన్న సమాచారం చేరుతుంది గానీ, సైటు యజమానే ఎక్కడా ప్రస్తావించని పేజీకి ఎంత ప్రాముఖ్యం ఇవ్వాలన్నది ఆ జాబితా చెప్పదు.

ఆ ప్రాముఖ్యాన్ని లెక్కగట్టే ఆలోచనతోనే గూగుల్ పుట్టింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో తమ పద్ధతిని ప్రకటించారు. దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు. వారి తొలి సూత్రం ప్రకారం ప్రతి పేజీ తనకున్న విలువలో 0.85 వంతును తనలోని లింకులన్నిటికీ సమానంగా పంచుతుంది. పేజీలో ఐదు లింకులుంటే ఒక్కోదానికి 0.17 వంతు అందుతుంది. అదే పేజీలో వంద లింకులుంటే ఒక్కోదానికి 0.0085 వంతు మాత్రమే వస్తుంది, అంటే ముందటి దానిలో ఇరవయ్యో భాగం. ఇప్పటి గూగుల్ ర్యాంకు నిర్ణయించడానికి ఇంకా ఎన్నో సంకేతాలు చూస్తుంది. పేజ్‌ర్యాంక్ అంకెను బయటివారికి చూపించడం కూడా 2016లో మానేసింది. పైగా 2010లో ఆ సంస్థకు మంజూరైన ఒక పేటెంటులో అన్ని లింకులకూ సమానమైన విలువ కాకుండా, చదివేవాడు నొక్కే అవకాశం ఎంత ఉందో దాన్నిబట్టి విలువ కట్టే పద్ధతి ఉంది. వాక్యం మధ్యలో అవసరం కొద్దీ వచ్చిన లింకుకూ, పేజీ అడుగున చిన్న అక్షరాలతో గుట్టగా పోసిన లింకుకూ తేడా ఉంటుందని దాన్నిబట్టే ఊహించవచ్చు. అటువంటప్పుడు ‘వీలైనన్ని పెట్టండి’ అన్న సలహా ఎవరికి మేలు చేస్తుంది?

మన ప్రాంతపు రైతుకైతే ఇదంతా గొలుసుకట్టు చెరువులంటే చాలు, అర్థమైపోతుంది. పై చెరువు నిండి అలుగు పోస్తేనే కింది చెరువుకు నీళ్లు వస్తాయి. నడుమ కాలువ పూడిపోతే కింది చెరువు ఎంత లోతుగా ఉన్నా నెర్రెలు బారి ఉంటుంది. వెబ్‌సైటులో మొదటి పేజీ పై చెరువు, ఎందుకంటే బయటివారు ఇచ్చే లింకులు ఎక్కువగా దానికే వస్తాయి. అక్కడ చేరిన నీటిని లోపలి పేజీలకు పారించే కాలువలే ఈ లోపలి లింకులు. కాలువ తవ్వినంత మాత్రాన నీళ్లు పుట్టవన్నది కూడా నిజమే, పైన వాన పడాల్సిందే. కానీ కాలువలు పూడిపోయి ఉండగా వాన కొనుక్కొస్తానని బయలుదేరేవారిని ఏమనాలి? ర్యాంకు కోసం లింకులు కొనడాన్నీ అమ్మడాన్నీ గూగుల్ తన నిబంధనల్లో స్పష్టంగా నిషేధించింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి అలాంటి లింకులతో పైకొచ్చిన సైట్లను కిందికి దించింది కూడా. మీ వ్యాసంలో ఈ మాట ఎక్కడా లేదు.

ఇక నేను కళ్లారా చూసిన సంగతి. పుట్టపాక వైపు నుంచి వచ్చి మా కళాశాలలో చదువుకున్న ఒక అబ్బాయి కుటుంబం ఇక్కత్ చీరలు, తేలియా రుమాళ్లు నేస్తుంది. వారి వెబ్‌సైటును పైకి తెస్తామని నగరంలోని ఒక సంస్థ 28 వేల రూపాయలు తీసుకుంది. బట్టలతో ఏ సంబంధమూ లేని విదేశీ సైట్లలో కొన్ని లింకులు పెట్టించారు. సొంత సైటులో ప్రతి పేజీ అడుగునా ‘చవక ఇక్కత్ చీరలు హైదరాబాద్’, ‘చవక ఇక్కత్ చీరలు గుంటూరు’ అంటూ 61 ఊళ్ల పేర్లతో 61 లింకులు వేశారు. ఏది నొక్కినా అదే పేజీ, అవే మాటలు. ఊరి పేరు ఒక్కటే మారేది. ఇది చాలదన్నట్టు, ‘మమ్మల్ని సంప్రదించండి’ అన్న పేజీకి పోయే లింకులన్నిటికీ, ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే నోఫాలో అన్న గుర్తు తగిలించి, దానివల్ల మిగతా పేజీలకు ఎక్కువ బలం వస్తుందని చెప్పారు. ఆ గుర్తు 2005లో స్పామ్ వ్యాఖ్యలను అరికట్టడానికి వచ్చింది. దాన్ని సొంత పేజీల మీద వాడి బలాన్ని ఆదా చేసుకోవడం కుదరదని గూగుల్‌లో పనిచేసిన మ్యాట్ కట్స్ 2009లోనే చెప్పారు. ఆ మాట వచ్చిన ఇన్నేళ్లకు కూడా అదే పనికి మన ఊళ్లలో డబ్బు తీసుకుంటున్నారు.

ఒక ఆదివారం ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వెబ్‌సైట్ల యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో లింకుల నివేదిక ఒకటి ఉంటుంది. సొంత సైటులోని ఏ పేజీకి లోపలి నుంచి ఎన్ని లింకులు వస్తున్నాయో అందులో వరసగా కనిపిస్తుంది. తీసి చూస్తే పైనంతా ఆ ఊళ్ల పేర్ల పేజీలే. కిందికి, ఇంకా కిందికి పోతే, చిట్టచివర ‘తేలియా రుమాలు నూలుకు నూనె పట్టించే విధానం’ అన్న పేజీ కనిపించింది. దానికి ఉన్న లింకు ఒక్కటే, అదీ ఎవరూ తెరవని పాత వార్తల పేజీ నుంచి. ఆముదపు కాయల తొక్కలను కాల్చిన బూడిద, నూనె కలిపి నూలుకు రోజుల తరబడి ఎలా పట్టిస్తారో, ఆ నూనె వాసన వల్లే రుమాలుకు ఆ పేరు ఎలా వచ్చిందో ఆ అబ్బాయి తండ్రి చెబుతుంటే రాసుకున్న పేజీ అది. ఆ సైటులో ఇంకెక్కడా దొరకని జ్ఞానం ఉన్న పేజీ అదొక్కటే. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు దాని గురించి వెతికినవారికి అందాల్సిన పేజీ అదే. ‘చవక చీరలు గుంటూరు’ పేజీకి 80కి పైగా లింకులుండగా, దానికి ఒక్కటే లింకు ఉంది.

మేము మూడు ఆదివారాలు కూర్చున్నాం. పాత అలవాటు పోక, ఒక్కో పేజీ పేరు ఒక్కో చీటీ మీద రాసి వరండాలో నేల మీద పరిచాను. మొత్తం 88 చీటీలు. ఊళ్ల పేర్లవి 61 తీసి పక్కన పెట్టాం. ఆ పేజీలను మూసేసి, వాటి చిరునామాలను చీరల ముఖ్య పేజీకి మళ్లించాం. మిగిలిన 27 చీటీల్లో ఒక్కోటి చేతిలోకి తీసుకుని, దీన్ని చదివినవాడికి ఆ తర్వాత కలిగే ప్రశ్న ఏమిటి, దానికి జవాబున్న చీటీ ఏది అని చూసుకుంటూ దారం పరిచాం. రుమాలు అమ్మే పేజీలో ‘నూనె పట్టించిన నూలు’ అన్న మాటలు ముందే ఉన్నాయి. వాటికే లింకు ఇచ్చాం. చీరల పేజీలో ‘ఆసు’ అన్న మాట ఉంది, అంటే నేతకు ముందు పేక (అడ్డపోగు) నూలును మేకుల చుట్టూ తిప్పి పోసే పని. మగ్గం తెలియనివారికి అది అర్థం కాదు కనుక లింకు అడుగుతున్న చోటు అదే. అయితే ‘ఆసు’ అన్న ఒక్క మాటకే లింకు ఇస్తే చాలదని అక్కడే తెలిసింది. ఆసూ, పేకా రెండూ మగ్గం దగ్గరా ఉన్నాయి, పేకాటలోనూ ఉన్నాయి! యంత్రం మాట అలా ఉంచితే, మా ఆవిడే ఆ రెండు మాటలూ వినిపించి ఏం ఆడుతున్నారని లోపలి నుంచి అడిగింది. చివరికి ‘పేక నూలుకు ఆసు పోయడం’ అని నాలుగు మాటలూ కలిపి లింకుగా పెట్టాం. ఆ పేజీలో ఆసు యంత్రాన్ని రూపొందించి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి ప్రస్తావన వచ్చినచోట ఆ యంత్రం గురించిన పేజీకి మరో లింకు ఇచ్చాం. అక్కడి నుంచి తిరిగి చీరల పేజీకి ఒక దారి పెట్టాం. అంతకు మించి ఆ పేజీలో ఏమీ పెట్టలేదు.

లింకు ఏ మాటల మీద ఉందన్నది ఎంత ముఖ్యమో చాలామంది గుర్తించరు. ఆ మాటలను చూసే సెర్చ్ ఇంజిన్ అవతలి పేజీ దేని గురించో అంచనా వేసుకుంటుంది. ‘ఇక్కడ నొక్కండి’, ‘మరింత చదవండి’ అని రాస్తే ఆ అవకాశాన్ని చేజేతులా వదులుకున్నట్టే. మా వెబ్‌సైటులోనే నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మనకు పిల్లలమర్రులు రెండున్నాయి. ఒకటి మహబూబ్‌నగర్ పక్కన ఊడలు దిగి, ఏది మొదటి మానో చెప్పలేనంతగా పరుచుకున్న మహావృక్షం. 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన చెట్టు అదే. రెండోది సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలున్న ఊరు. నేను తొమ్మిది చోట్ల ‘పిల్లలమర్రి’ అని మాత్రమే రాసి కొన్నిటిని చెట్టు పేజీకి, కొన్నిటిని గుడి పేజీకి కలిపాను. చెట్టు కోసం వచ్చినవారు నంది ముందు తేలారు. ‘పాలమూరు పిల్లలమర్రి చెట్టు’, ‘సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఆలయాలు’ అని విడదీసి రాసిన తర్వాతే గందరగోళం తగ్గింది. అలాగని ప్రతిచోటా ఒకే మాటల వరస పెట్టాలని కాదు; వాక్యానికి తగ్గట్టు మారితేనే చదవడానికి సహజంగా ఉంటుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఇంగ్లిషులో ఈ పాఠాలు చెప్పేవారు ఎప్పుడూ మాట్లాడరు. మన పేర్లకు విభక్తులు అతుక్కుపోతాయి. ‘పానగల్లులోని’, ‘పానగల్లుకు’, ‘పానగల్లు నుంచి’ అని రూపం మారుతూనే ఉంటుంది. లింకు మాటల్లో పేరు మూలరూపంలో ఉండేలా వాక్యం కూర్చుకోవడం మంచిదని నా అనుభవం. ‘పానగల్లులోని ఆ గుడి’ అనే కన్నా ‘పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం’ అన్నంతవరకు లింకుగా తీసుకుంటే మనిషికీ యంత్రానికీ స్పష్టంగా ఉంటుంది. ఇక రాతల్లో తేడాలు సరేసరి. నల్లగొండ, నల్గొండ, పోచంపల్లి, పోచంపెల్లి, మహబూబ్‌నగర్, పాలమూరు. ఒక్కో రాతకు ఒక్కో పేజీ తెరిస్తే ఆ ఊళ్ల పేర్ల పేజీల దారే పట్టినట్టు. పేజీ ఒక్కటే ఉంచి, వేర్వేరు చోట్ల నుంచి వచ్చే లింకుల్లో వాడుకలో ఉన్న రెండు రూపాలనూ సహజంగా రానిస్తే సరిపోతుంది.

లింకుల సంఖ్యకు గీత గీయాలని మాత్రం నేను అనను. పేజీకి వందకు మించవద్దని గూగుల్ సూచనల్లో ఒకప్పుడు ఉండేది, తర్వాత తీసేశారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. వారందరి జాబితా కోసం ఒక పేజీ పెడితే అందులో 354 లింకులున్నా ఒక్కటీ ఎక్కువ కాదు, ఎందుకంటే చదివేవాడు వచ్చిందే ఆ జాబితా కోసం. సురవరం వారి సొంతూరు, గద్వాల దగ్గరి ఇటికాలపాడు గురించిన పేజీలో ఆ 354నీ దించితే మాత్రం అది కుప్పే అవుతుంది. అక్కడ సురవరం వారి పేజీకి ఒక లింకు, ఆ జాబితాకు ఒక లింకు చాలు.

జిల్లాల విభజన మాకు నేర్పిన పాఠం వేరు. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు జిల్లాలయ్యాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరు పడింది. మేము పేజీల చిరునామాల్లోనే జిల్లా పేరు పెట్టుకున్నాం కనుక ఉత్సాహం కొద్దీ అన్నీ ఒక రాత్రిలో మార్చేశాం. పొద్దున లేచేసరికి నలభై దాకా లింకులు తెగిపోయి ఉన్నాయి. పాత చిరునామాల దగ్గర ‘చూడు’ కార్డులు, అంటే రీడైరెక్టులు పెట్టి గండం గట్టెక్కాం. అయినా లోపలి లింకులను కూడా ఒక్కొక్కటిగా కొత్త చిరునామాకు దిద్దాల్సిందే; మన ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి పోవడానికి పక్కింటి మీదుగా తిప్పడం ఎందుకు? అప్పటి నుంచి చిరునామాలో ఊరి పేరే ఉంచుతున్నాం. ప్రభుత్వాలు జిల్లాలను మార్చినా ఊళ్లు ఉన్నచోటే ఉంటాయి. చిరునామాలో తెలుగు అక్షరాలు పెట్టవచ్చు గానీ, వాటిని నకలు తీసి ఇంకోచోట అతికిస్తే ఒక్కో అక్షరపు గుర్తూ శాతపు గుర్తులు, అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు కలిసిన తొమ్మిది గుర్తుల వరసగా మారిపోయి చూసేవారు బెదిరిపోతారు.

సైటు తయారుచేసి ఇచ్చేవారికి రెండు మాటలు చెప్పాలి. లింకు నిజమైన లింకుగా ఉండాలి, అంటే పేజీ వెనుక ఉండే కోడులో హెచ్‌రెఫ్ అన్న మాటతో చిరునామా కనిపించాలి. నొక్కితే జావాస్క్రిప్టుతో కదిలే బొమ్మల బటన్లు చూడటానికి బాగుంటాయి గానీ, గూగుల్ బాట్ వాటిని నొక్కదు. సెల్‌ఫోన్‌లో ఇరుకవుతుందని అక్కడి పేజీలో లింకులు తీసేయడం ఇంకో పొరపాటు. 2023 నాటికి గూగుల్ తన లెక్కకు సెల్‌ఫోన్ రూపాన్నే తీసుకునే మార్పును పూర్తిచేసింది కనుక, అక్కడ లేని లింకు లేనట్టే.

ఇంతా చేసి ఆ చేనేత కుటుంబానికి ఏం ఒరిగిందని అడగవచ్చు. మొదటి స్థానం రాలేదు. ‘ఇక్కత్ చీరలు’ అని వెతికితే పెద్ద అంగళ్లే ఇప్పటికీ ముందుంటాయి. నాలుగు నెలల తర్వాత తేలియా రుమాలు తయారీ గురించి తెలుగులో వెతికినప్పుడు ఆ నూనె పట్టించే పేజీ కనిపించడం మొదలైంది. దాన్ని చదివి ఫోన్ చేసి, నూలు గురించి అడిగి, రుమాలు తెప్పించుకున్నవారు కొందరున్నారు. ఇది లింకుల వల్లే జరిగిందని నేను ప్రమాణం చేయలేను. అదే సమయంలో పనికిమాలిన 61 పేజీలను కూడా తీసేశాం కదా. కానీ మా ఖర్చు మూడు ఆదివారాల టీ మాత్రమే.

చివరిగా మీ పత్రిక వెబ్‌సైటు గురించి, చనువు తీసుకుని రాస్తున్నాను. మా పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం మీద మీ విలేకరి రాసిన కథనం బాగుంది. దాన్ని చదివి కిందికి పోతే ‘ఇవి కూడా చదవండి’ అన్న చోట మూడు సినిమా వార్తలు, ఒక బంగారం ధర, ఒక క్రికెట్ స్కోరు ఉన్నాయి. అదే ఊళ్లో, పగలంతా లింగం మీద నీడ నిలిచే ఛాయా సోమేశ్వరాలయం మీద అంతకు ముందు మీరే వేసిన కథనానికి లింకు లేదు. దాన్ని నేను గంటసేపు వెతికి పట్టుకున్నాను. ఈ-పేపరు పుటల్లో ఉన్నవి బొమ్మలు కనుక అక్కడ లింకుల ఊసే లేదు. మీ జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి వచ్చిన గుళ్ల, చెరువుల, మనుషుల కథనాలను ఒకచోటికి చేర్చి ఊరి వారీగా ఒక్కో పేజీ పెట్టించి, ప్రతి కొత్త కథనం నుంచీ దానికి దారి ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. దానికి యంత్రం అక్కర్లేదు, ఆ కథనాన్ని దిద్దే సబ్ ఎడిటరుకు ఒక్క నిమిషం చాలు. పానగల్లులో సోమేశ్వరాలయాలు రెండున్నాయని ఆయనకు తెలిసే ఉంటుంది. ఆ రెండు కథనాల శీర్షికలను, అవి వచ్చిన తేదీలను విడిగా మీ వెబ్ విభాగానికి పంపుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత లైబ్రేరియన్,
నల్లగొండ